పీటర్సన్ దొర గారి గూడు

ఎంత వానొచ్చినా ఒక్క చుక్క కారని మేడ బెజవాడ తాలూకా మొత్తంలో ఒక్కటే ఉందనీ, అది తామున్న మేడేననీ బాలశౌరి ప్రకటించాడు. ఆ మాట ఇంకా గాలిలో ఉండగానే కప్పు మీంచి ఓ చుక్క బయల్దేరి, తీరిగ్గా దిగి, సరిగ్గా వెంకటప్పయ్య గారి కాఫీ గ్లాసులో పడింది.

వెంకటప్పయ్య గారు గ్లాసులోకి చూశారు. కప్పు వంక చూశారు. ఆఖర్న బాలశౌరి మొహంలోకి చూశారు.

"ఇది వాన కాదండీ," అన్నాడు బాలశౌరి, ఏమాత్రం తొణక్కుండా. "గానుగ సున్నం కదండీ. బెల్లం, కరక్కాయ, కోడిగుడ్లు వేసి కట్టిన కప్పు. ఆ బెల్లం ఇప్పటికీ ఊరతా ఉంటది. పంచదార తక్కువైన కాఫీ కనపడితే ఆగలేదు."

"కారితే కారనీవోయ్," అన్నారు వెంకటప్పయ్య గారు, ఆ కాఫీ అలాగే తాగేసి. "పడగొట్టే కొంపకి కప్పు ఎట్టా ఉంటే ఏంటి?"

లోపల పురిటి మంచం మీద దుప్పటి మారుస్తున్న అమలమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆయన కాఫీకి రాలేదనీ, మేడ కొలుచుకోడానికి వచ్చారనీ ఆమె కొడుకు బాలశౌరికి అప్పుడు తెలిసింది.

వెంకటప్పయ్య గారికి లారీలున్నాయి. మేడ వెనక సందులో అవి బారులు తీరి నిలబడతాయి. వాటికో షెడ్డు కావాలి. షెడ్డుకి స్థలం కావాలి. ఆ స్థలంలో పొరపాటున ఈ మేడ ఉంది. ఆయన దృష్టిలో సంగతి అంతే.

అమలమ్మ మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసి, మానేశాక ఈ మేడ కింది భాగం అద్దెకి తీసుకుని పురుళ్ళు పోస్తోంది. కాలవగట్టు మీద తిరిగే పిల్లల్లో ఎవర్ని పట్టుకు అడిగినా, పుట్టింది ఈ ఇంట్లోనే అంటారు. మేడ సొంతదారు సీతారావమ్మ గారు సత్యనారాయణపురంలో కూతురి దగ్గర ఉంటారు. మేడ అమ్మకానికి ఉందని తెలిసిన రోజునే అమలమ్మ వెళ్ళి, వెంకటప్పయ్య గారిచ్చే ధరే తనూ ఇస్తాననీ, తనకే ఇమ్మనీ అడిగింది.

"ఇవ్వాలనే ఉందే అమలా," అన్నారావిడ. "ఏం చెయ్యను? నువ్వొచ్చే ముందురోజే దూరపు చుట్టమని వెంకటప్పయ్యకి మాటిచ్చేశా. మాఘమాసంలో తాంబూలాలు పుచ్చుకుందామన్నాడు. ఈలోగా అతను వద్దంటే ఇల్లు నీదే. వద్దనిపించడం మాత్రం నా వల్ల కాదు."

ఇంటికొచ్చాక అమలమ్మ ఏడవలేదు. ఆమె ఏడ్చే రకం కాదు, ఏడ్చేవాళ్ళ నడుం పట్టుకు నొక్కే రకం. వరండా స్తంభానికి ఆనుకుని, "మా అమ్మమ్మ శౌరమ్మ ఈ మేడలో పనిచేసి, దీని గడప తొక్కకుండానే పోయిందిరా," అంది కొడుకుతో. "నేను తొక్కాను, అద్దెకి. సొంతానికి ఒక్కసారి తొక్కాలని నా ఆశ."

అమ్మమ్మ చేసింది ఏం పనో ఆమె చెప్పలేదు. బాలశౌరి అడగలేదు. అతని బుర్ర అప్పటికే వేరే పని మీద ఉంది.

ఆ మేడ కథ కొంత చెప్పుకోవాలి. ఆనకట్ట కట్టి కాలవలు తవ్విన రోజుల్లో, పడవల రాకపోకలు చూసుకోడానికి వచ్చిన ఒక తెల్లదొర దాన్ని కట్టించాడు. వరండాలో కూర్చునే పడవవాళ్ళని తిట్టుకోవచ్చని కాలవ వైపు, అంటే పడమరకి గుమ్మం పెట్టుకున్నాడు. చలిజ్వరం పట్టి ఓడెక్కి వెళ్ళిపోయాడు. ఆయన పేరేమిటో ఎవరికీ గుర్తులేదు.

ఆ తర్వాత బసవపున్నయ్య అనే పొగాకు వర్తకుడు కొన్నాడు. పడమటి గుమ్మం అచ్చిరాదని సిద్ధాంతి చెబితే దాన్ని ఇటికలతో మూయించి తూర్పున ఇంకోటి తెరిచాడు. పొగాకు కలిసొచ్చింది గానీ అల్లుడు కలిసిరాలేదు. మేడ చేతికొచ్చిన ఆ అల్లుడు వకీలు. పట్టిన కేసల్లా పోతుంటే, తప్పు తూర్పు గుమ్మానిదని తేల్చి ఉత్తరాన మరోటి పెట్టించాడు. కేసులు పోవడం మానలేదు. కాకపోతే గాలి బాగా వచ్చేది.

ఆయన దగ్గర కొన్నది సీతారావమ్మ గారి భర్త. ఆయన నెమ్మదస్తుడు. ఒక సిద్ధాంతిని పిలిస్తే ఇంకొకాయన నొచ్చుకుంటాడని ఇద్దర్నీ పిలిచాడు. ఒకాయన తూర్పు అన్నాడు, ఒకాయన ఉత్తరం అన్నాడు. ఎవరి మాటా తీసెయ్యలేక, లోపలికి రావడం తూర్పు నుంచీ, బయటికి పోవడం ఉత్తరం నుంచీ అని కట్టడి చేశాడు. ఆయన బతికున్నన్నాళ్ళూ ఇంటికొచ్చిన చుట్టాల చెప్పులు ఒక గుమ్మం దగ్గరా, చుట్టాలు ఇంకో గుమ్మం దగ్గరా ఉండేవాళ్ళు.

ఇదీ జరిగింది. బాలశౌరి జనానికి చెప్పేది ఇది కాదు. అతని లెక్కలో దొర ఒకసారి కృష్ణకి వరదొస్తే టోపీ అడ్డం పెట్టి ఆపాడు. బసవపున్నయ్య గారి చుట్ట పొగకి అవతలి గట్టున పంట ముందే పండిపోయేది. వకీలు గారి గొంతుకి జడ్జీలు రాజీనామాలిచ్చేవాళ్ళు. ఇవన్నీ పెళ్ళి పిలుపు చెప్పినంత మామూలుగా చెప్పేవాడు. ఇరవయ్యేళ్ళు నిండి, పరీక్ష మళ్ళీ తప్పి, తీరిగ్గా ఉన్నాడు.

మర్నాడు వెనక సందులో వెంకటప్పయ్య గారి పెద్ద డ్రైవరు మాణిక్యం లారీకి నీళ్ళు పోస్తుంటే, బాలశౌరి వెళ్ళి పక్కన నిలబడి గట్టిగా నిట్టూర్చాడు.

"ఏందబ్బాయ్, అట్టా ఉన్నావ్?"

"ఏం లేదు మాణిక్యం బాబాయ్. మీ గురించే. ఈ మేడ మీద గునపం పడ్డాక మీ బ్రేకులు ఏమైపోతాయోనని."

"మేడకీ బ్రేకులకీ ఏం సంబంధం?"

"పీటర్సన్ దొర ఊరుకుంటాడా మరి?"

వెనక గోడలో, మోకాలెత్తున, కమాను తిప్పిన ఒక గూడుంది. లోపలి వైపు ఎవరూ వాడని చీకటి గది. దాన్నిండా పిడకలు, వంటచెరుకు. గూటికి లోపల్నుంచి ఓ చెక్క మూత. బాలశౌరి ఆ గూడు వైపు చెయ్యి చూపించి గొంతు తగ్గించాడు.

"దొర ఓడెక్కాడని మీరంతా అనుకుంటన్నారు. ఎక్కింది టోపీ ఒక్కటే. దొర ఇక్కడే ఉన్నాడు. రోజూ సాయంత్రం ఆ గూట్లో కూర్చునే చుట్ట కాల్చేవాడంట."

"ఇంత గూట్లో మనిషెట్టా పడతాడు?"

"అప్పుడు పెద్దదే బాబాయ్. గోడ కుంగింది."

మాణిక్యం నవ్వేశాడు. నవ్వేసి, లారీ ఎక్కబోతూ, ఎందుకైనా మంచిదని జేబులో చుట్ట ఒకటి తీసి గూట్లో పెట్టి వెళ్ళాడు. ఆ పూటే ఇబ్రహీంపట్నం దగ్గర అతని లారీకి నిజంగానే బ్రేకులు పోయాయి. లారీ రోడ్డు దిగి, ఓ రైతు గడ్డివామిలో దూరి, మెత్తగా ఆగింది. మాణిక్యానికి గీత కూడా పడలేదు. గడ్డి దులుపుకుని తిరిగొచ్చి గూటి ముందు సాష్టాంగపడ్డాడు. పెట్టిన చుట్ట అక్కడ లేదు. "పుచ్చుకున్నారు!" అన్నాడు గద్గదంగా.

పుచ్చుకున్నది బాలశౌరి. పిడకల గదిలోంచి మూత తీసి, చెయ్యి పెట్టి, తీసుకుపోయి కాలవలో పారేశాడు. చుట్ట వాసనంటేనే అతనికి వాంతి.

అక్కణ్ణించి సంగతి బాలశౌరి చేతిలో లేదు. లారీల వాళ్ళు, పడవల వాళ్ళు, పరీక్షలు రాసేవాళ్ళు, అత్తగారితో పడనివాళ్ళు వరస కట్టారు. కర్పూరం వెలిగింది, కొబ్బరికాయ పగిలింది. దొర గారికి కొబ్బరి పడదనీ, కోడిగుడ్డు బజ్జీలంటే ప్రాణమనీ, అందులోనూ వేడిగా ఉంటేనే ముట్టుకుంటారనీ బాలశౌరి తెలియజేశాడు. వారం తిరిగేసరికి బాలశౌరి చొక్కా బొత్తాలు పట్టడం మానేశాయి.

అమలమ్మ కిటికీలోంచి ఇదంతా చూస్తూనే ఉంది. ఆపమని ఎవరికీ చెప్పలేదు. ఒక్కోసారి ఆమె పెదవి చివర చిన్న నవ్వు లాంటిది కనిపించేది. అదెందుకో బాలశౌరికి అంతుపట్టలేదు.

వెంకటప్పయ్య గారు బెదిరి పారిపోతారని కదా అతని ఎత్తు. వెంకటప్పయ్య గారు వచ్చారు. గూడు చూశారు. లైనులో నిలబడ్డ జనాన్ని చూశారు. మాణిక్యం గడ్డివామి కథ మళ్ళీ చెప్పించుకు విన్నారు. కండువా నడుముకి చుట్టుకుని తనూ బోర్లా పడుకుని దణ్ణం పెట్టారు. లేచి, కళ్ళు తుడుచుకుని, బాలశౌరి భుజం మీద చెయ్యేశారు.

"ఇంత మహిమ గల చోటు పడగొడదామనుకున్నానోయ్, పాపిష్టి వాణ్ణి. షెడ్డు ఎక్కడైనా కట్టుకోవచ్చు. ఇక్కడ దొర గారికి గుడి కట్టిస్తా. శిఖరం ఉండదు. దాని బదులు టోపీ."

"టోపీనా అండీ?" అన్నాడు బాలశౌరి నీరసంగా.

"సిమెంటు టోపీ. బందరు రోడ్డు మీంచి కనపడాలి. మీ అమ్మని ఇల్లు చూసుకోమను, నాయనా. తాంబూలాలు కాగానే పని మొదలు."

ఆ సాయంత్రం బాలశౌరి ముందు పెట్టిన బజ్జీలు చల్లారిపోయాయి. లోపల అమలమ్మ పురిటి మంచాలు ఎక్కడికి మార్చాలో ఆయాతో మాట్లాడుతోంది. "మొదట షెడ్డన్నాడు. షెడ్డుకైతే ఇంకో చోటు చూపించి మనసు మార్పిద్దామనుకున్నా. ఇప్పుడు భక్తి పట్టుకుంది. భక్తికి మందేముంది?" అంటోంది. గొంతు మామూలుగానే ఉంది. అదే బాలశౌరికి ఎక్కడో గుచ్చుకుంది. తల్లికి ఇల్లు రాకుండా గట్టి అడ్డుగోడ కట్టింది ఎవరయ్యా అంటే, తనే. అదీ గానుగ సున్నం పెట్టి మరీ కట్టాడు.

కాబట్టి దొరకి కోపం తెప్పించాలని నిర్ణయించుకున్నాడు.

తాంబూలాల రోజు వెంకటప్పయ్య గారు పట్టు పంచె కట్టి, మిత్రుల్నీ డ్రైవర్లందర్నీ వెంటబెట్టుకుని వచ్చారు. ముందు దొర గారి దర్శనం చేసుకుని, అప్పుడు తాంబూలం పుచ్చుకోవాలని వాళ్ళ ఏర్పాటు. సీతారావమ్మ గారి రిక్షా ఇంకా రాలేదు. అమలమ్మ వరండాలో నిలబడి ఉంది.

బాలశౌరి పిడకల గదిలో గడియ పెట్టుకుని ఉన్నాడు. అతని దగ్గర లంక పొగాకు చుట్టల కట్ట ఒకటుంది. ఎత్తు తేలికే. గూట్లోంచి భయంకరంగా పొగ వదలాలి, దొర గొంతుతో "వెంకటప్పయ్యా! నా ఇల్లు కొనకు!" అని గర్జించాలి. పొగ బాగా రావాలని చుట్టల్ని కట్ట కట్టగానే అంటించి, నోట్లో పెట్టుకుని, గుండెల్నిండా ఒక్క పీల్పు పీల్చాడు.

చలిజ్వరం కూడా దొరకి అంత అన్యాయం చేసి ఉండదు. కళ్ళముందు కృష్ణా బ్యారేజీ తలకిందులైంది. చెవుల్లోంచి కూడా పొగ వచ్చినట్టు అతనికి ఇప్పటికీ నమ్మకం. గర్జించడానికి నోరు తెరిస్తే దగ్గు వచ్చింది. దగ్గు మీద దగ్గు వచ్చింది. గూట్లోంచి పొగ మేఘంలా బయటికి దొర్లింది.

"దొర గారు కాలుస్తన్నారు!" అని కేకేశాడు మాణిక్యం. జనమంతా ఒక్కసారిగా నేల మీద పడ్డారు.

"నవ్వుతున్నారర్రా!" అన్నారు వెంకటప్పయ్య గారు, నుదురు గూటికి ఆనించి. "నేను కొంటన్నానని దొర గారికి ఎంత సంతోషమో చూడండి!"

వరండాలో అమలమ్మ తల పక్కకి వంచి ఒక్క నిమిషం విన్నది.

"అది దొర దగ్గు కాదు," అంది. "నేను పెంచిన దగ్గు."

చుట్టూ తిరిగి వెళ్ళి తలుపు మీద ఒక్క తన్ను తన్నింది. పాతకాలపు గడియ అటూ, తలుపు ఇటూ పడ్డాయి. కొడుకు చెవి పట్టుకుని, కాలుతున్న కట్టతో సహా గూటి ముందుకి లాక్కొచ్చి నిలబెట్టింది. పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే తలలెత్తి చూశారు.

"చెప్పు."

"ఏం చెప్పనమ్మా..."

"నీకు తెలుసు."

"దొర... దొర లేడమ్మా."

"పెద్దగా."

"దొర లేడండీ! నేనే అల్లాను! చుట్టలు తీసింది నేనే, బజ్జీలు తిన్నది నేనే!"

"పీటర్సన్ అన్న పేరెక్కడిది?"

"అటక మీద తుప్పు పట్టిన బిస్కత్తు డబ్బా ఉందిగా... దాని మీదది."

మాణిక్యం నోరు తెరిచాడు. "మరి గడ్డివామి?"

"అది నీ అదృష్టం బాబాయ్. నాకేం తెలుసు?"

గుసగుసలు మొదలయ్యాయి. వెంకటప్పయ్య గారు మాత్రం నెమ్మదిగా లేచి, పంచె దులుపుకుని, చెయ్యెత్తి అందర్నీ ఊరుకోమన్నారు. నుదుటి మీద గూటి మట్టి గుండ్రంగా అంటుకుని ఉంది.

"కుర్రాడి అల్లరి వేరు, స్థల మహిమ వేరు," అన్నారు. "పేరు బిస్కత్తుదైతే అవనీ. ఈ గూటి ముందు మోకరిల్లినప్పుడు నా ఒళ్ళు జలదరించింది. అది అబద్ధమా? నా లారీల్లో ఒక్కటైనా ఈమధ్య గుద్దిందా? ఇది పవిత్రమైన చోటు. ఇల్లు నేను కొనితీరతా."

"కొనితీరాలి," అన్నారు మిత్రులు.

బాలశౌరి నీరుగారిపోయాడు. అబద్ధం చెబితే నమ్మారు సరే, నిజం చెబితే నమ్మరని అతను ఎన్నడూ అనుకోలేదు. తల్లి వంక చూశాడు. ఆమె అతని చెవి వదిలేసి, సందు మొదటికి చూస్తోంది.

రిక్షా దిగిన సీతారావమ్మ గారు, ముందు వరండాలో ఎవరూ కనపడక, తాంబూలం పళ్ళెం పట్టుకుని వెతుక్కుంటూ వెనక్కి వచ్చారు. కర్పూరం, పూలదండలు, మట్టిగొట్టుకున్న పట్టు పంచె, సగం లేచిన డ్రైవర్లు అన్నీ చూశారు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశారు.

"ఏంటర్రా," అన్నారు, "మీరంతా పాయిఖానా దగ్గర బోర్లా పడుకున్నారు?"

సగం లేచిన డ్రైవర్లు పూర్తిగా లేచారు.

"ఏం ఖానా పిన్నిగారూ?" అన్నారు వెంకటప్పయ్య గారు.

"పాయిఖానా నాయనా. లోపలి గది అప్పట్లో దొరది. బల్ల మీద ఆయన కూర్చునేవాడు, కింద తట్ట ఉండేది. ఆ తట్ట ఇటు లాగి ఎత్తుకుపోడానికే ఈ కన్నం. నేను కాపరానికి వచ్చిన కొత్తలో కూడా వాడారు. మా ఆయన అవతల వేరే కట్టించాకే ఇది మూసింది."

మాణిక్యం తన అరచేతుల్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఎవరో మెల్లగా పూలదండ తీసేశారు. వెంకటప్పయ్య గారి చెయ్యి నుదుటి మీదికి వెళ్ళి, అక్కడ అంటుకున్నది తగిలి, ముట్టుకోకుండా వెనక్కొచ్చింది.

అప్పుడు మాట్లాడింది అమలమ్మ.

"ఆ తట్ట ఎత్తింది మా అమ్మమ్మండీ. శౌరమ్మ. రోజూ పొద్దున్నే వచ్చి, సరిగ్గా మీరు వంగిన చోటే మోకాళ్ళ మీద వంగేది. ఈ కన్నం దాటి ఇంట్లోకి ఆవిణ్ణి ఎవరూ రానివ్వలేదు. ఎదురుపడితే పక్కకి తప్పుకునేవాళ్ళు." వెంకటప్పయ్య గారి వంక తిన్నగా చూసింది. "ఇన్నాళ్ళూ మీరంతా దండలేసి అక్కడే వంగుతుంటే కిటికీలోంచి చూశాను. ఎందుకు చెప్పలేదంటారా? మా అమ్మమ్మ చూస్తే బావుణ్ణనిపించింది. ఆపబుద్ధి కాలేదు."

వెంకటప్పయ్య గారు పట్టు పంచెతోనే కాలవ వైపు నడిచారు. నడక మెల్లగా మొదలై, మలుపు దగ్గర పరుగైంది. మెట్ల మీంచి నీళ్ళలో పడ్డ చప్పుడు సందుదాకా వినపడింది. డ్రైవర్లు ఒకరి తర్వాత ఒకరు అదే దారి పట్టారు. కాసేపటికి తడిబట్టలతో మాణిక్యం ఒక్కడే తిరిగొచ్చాడు.

"ఈ ఇంటి పేరు తన ముందు ఎత్తొద్దన్నాడండి మా ఓనరు గారు," అన్నాడు సీతారావమ్మ గారితో. అమలమ్మ వైపు తిరిగి, "నా ఇద్దరు పిల్లలూ మీ చేతిలోనే పుట్టారు నర్సమ్మ గారూ. ఇల్లు మీకే రావాలి," అని, సిగ్గుపడి వెళ్ళిపోయాడు.

"మాట తీరింది," అన్నారు సీతారావమ్మ గారు. "రావే అమలా."

"ఇక్కడ కాదమ్మా. ముందు గుమ్మంలో ఇవ్వండి."

ఇద్దరూ ముందుకి నడిచారు. ఆయా పరుగున వచ్చింది. పురుటికొచ్చిన అమ్మాయి కూడా పొట్ట పట్టుకుని నెమ్మదిగా వచ్చి నిలబడింది. అమలమ్మ గడప బయట నిలబడి చెంగు పట్టింది. ఆకులు, వక్కలు, అరటిపళ్ళు, పెద్ద తాళంచెవి అందులో పడ్డాయి. ఆమె కుడికాలు ఎత్తి, గడప మీద మోపి, అక్కడే కాసేపు నిలబడింది. తొందరేముంది? తన గడప. తర్వాత లోపలికొచ్చి, మేకు మీద వేలాడే తెల్ల గౌను తీసి తొడుక్కుంది. పురుటికొచ్చిన అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి.

చీకటి పడకముందే మేడ కొత్త సొంతదారు హయాంలో మొదటి కేక వినపడింది. ఆడపిల్ల. కాలవ అవతలి గట్టుదాకా వినపడే గొంతు. శౌరమ్మ అని పేరు పెడతామని ఆ పిల్ల తల్లి అంటే, అమలమ్మ గబుక్కున మొహం తిప్పుకుని వేణ్ణీళ్ళు చూసి వస్తానంది. వేణ్ణీళ్ళు అక్కడే ఉన్నాయి.

చేతులు తుడుచుకుంటూ వరండాలోకి వచ్చిన తల్లిని చూసి బాలశౌరి లేచి నిలబడ్డాడు.

"ఇంకేమన్నా దాచావుట్రా?"

"గుణదల మాత మీద ఒట్టమ్మా, ఇంకేమీ..."

కాలవ రోడ్డు మీద బ్యాండు మోగింది. బాలశౌరి ఒట్టు సగంలో ఆగిపోయింది.

"అదేంటి?" అంది అమలమ్మ.

"ఒక్క చిన్న సంగతమ్మా. కొండపల్లి వెళ్ళినప్పుడు బొమ్మలు చేసే ఆయనకి దొర గురించి చెప్పాను. కొంచెమే చెప్పాను. ఆయన భక్తి కొద్దీ కర్రతో నిలువెత్తు దొరని చెక్కాడంట. రంగులేసి, టోపీ పెట్టి..."

బ్యాండు దగ్గరికొచ్చింది. వెనక ఎడ్లబండి, బండి మీద ఎర్రటి బుగ్గల దొర, బండి చుట్టూ ఊరుకి ఊరే.

అమలమ్మ కొడుకుని భుజాలు పట్టి తిప్పి మెట్ల మీదకి నెట్టింది. "మన గుమ్మం ముందు నిలబడి చెప్పు. మొత్తం."

బ్యాండు ఆగింది. బాలశౌరి గొంతు సవరించుకున్నాడు. ఆ మేడ గురించి జీవితంలో మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పడానికి నోరు తెరిచాడు.

"అయ్యలారా, అమ్మలారా! పీటర్సన్ దొర అనేవాడు లేడు. అంతా నేనే పుట్టించాను. నన్ను క్షమించండి!"

జనం మొహమొహాలు చూసుకున్నారు. ముందు వరసలోని ముసలాయన చేతులు జోడించాడు.

"ఎంత వినయం! దొర గారే నీ నోట పలికిస్తన్నారా బాబూ?"

బాలశౌరి వెనక్కి చూశాడు. గడప మీద అమలమ్మ చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"కాదండీ," అన్నాడు. "మా అమ్మ పలికిస్తోంది."